పిరికి పలక

కార్బ్యురేటరు గిన్నెలో వేలు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కొయ్యబారిపోయిన సూరయ్యను మనం పోయిన వారం షెడ్డులో వదిలి వచ్చాం. వేలికి అంటింది పెట్రోలు. ఆ ఇంజనుకి పెట్రోలు పొయ్యకూడదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. మనవాళ్ళు చెరకు కూలికి వలసపోయిన దీవిలో సూరయ్య చక్కెర మిల్లు ఫిట్టరు. సెయింట్ పియర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, మిల్లు పని అయ్యాక కార్లు బాగుచేస్తాడు. ఎస్టేటు దొర మిస్యే ఆర్మాన్‌కు కారు పందేల పిచ్చి. పోర్ట్ లూయిస్ వైపు నుంచి మోకా కొండ ఎక్కే దారిలో తోటి దొరల కార్లన్నిటినీ వెనక్కి నెట్టాలని, తన కారు ఇంజను విప్పించి సూరయ్య చేత మళ్ళీ కట్టించాడు. నడపడానికి సూరయ్య తమ్ముడు గోపాలు కుదిరాడు. కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు, చేతిలో స్టీరింగు ఉంటే లోకం కనబడనివాడు.

ఇంజను బలమంతా నొక్కుడులో ఉంటుంది. సిలిండరులోకి వచ్చిన గాలినీ ఆవిరినీ పిస్టను ఎంత ఇరుకులోకి నొక్కితే, మంట అంత గట్టిగా తంతుంది. అయితే పెట్రోలుకి ఓర్పు తక్కువ. మరీ నొక్కితే పిస్టను పైకి చేరకముందే తనంతట తానే భగ్గుమంటుంది. ఎక్కే పిస్టనును ఎదురు కొట్టి, లోపల సుత్తి మోత మోగించి, చివరికి లోహాన్ని చీల్చేస్తుంది. సారా బట్టీలో దించిన స్పిరిటు అలా కాదు, ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. దొరకు సొంత బట్టీ ఉంది. అందుకే సూరయ్య సిలిండర్ల దిమ్మ అడుగు గీసి, ఇరుకు పెంచి, ఆ ఇంజనును స్పిరిటుకే కట్టాడు. సుంకం కట్టకుండా, సర్కారు ముద్ర పడకుండా బట్టీలోంచి డ్రమ్ములు రాత్రికి రాత్రి షెడ్డుకి చేరాయి.

పందెం రోజున కొండ మధ్య మలుపులో నిలబడ్డ సూరయ్యకు ముందు నల్లటి పొగ కనిపించింది. తరవాత సుత్తి మోత వినిపించింది. ఆ తరవాత పిస్టనుకు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు ఇంజను పక్క గోడ చీల్చుకుని బయటికి వచ్చింది, వెనక చక్రాలు బిగుసుకుపోయాయి, కారు లోయలోకి వెళ్ళింది. తమ్ముణ్ణి సూరయ్యే ఎత్తుకొచ్చాడు. విరిగిన బండిని ఎద్దులతో లాగించి షెడ్డుకి చేర్చారు.

దొర మరునాడే, తోట కూలీల మీద పెత్తనం చేసే సర్దారు నరసయ్యను పంపించాడు. నొక్కుడు తగ్గించే పలక దిమ్మ కింద బిగించెయ్యి, ఈ బండి మొదటినుంచీ పెట్రోలు బండేనని సోమవారం వచ్చే సర్కారు ఇంజనీరుతో చెప్పు, స్పిరిటు మాట ఎత్తకు, పని సరిగా చెయ్యలేదన్న మాట నీ మీద పడితే నేను చూసుకుంటాను అని ఆ కబురు. సూరయ్య నరసయ్యను మెడపట్టి గెంటాడు. తమ్ముడి బూడిద చల్లారకముందే అబద్ధం ఆడమంటావా అని అరిచాడు. ఆ సాయంత్రమే పెట్రోలు వాసన తగిలింది. దొర స్పిరిటు డ్రమ్ములో పెట్రోలు కలిపి మోసం చేశాడని అతనికి ఖాయమైపోయింది. సోమవారం రానీ, ఇంజనీరు ముందు అంతా విప్పి పెడతాను అనుకున్నాడు.

ఇక ఈ వారం కథ.

*

ఆదివారం పొద్దున్నే సూరయ్య అస్థికలు తీసుకుని సముద్రానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మైలబట్టలతో లోపలికి వెళ్ళకూడదు కాబట్టి పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గరే స్నానం చేసి, తడి పంచెతో వరండా మెట్టు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా ఉప్పు. నీళ్ళు పోసుకున్నా పోలేదు.

వరండా మూల తల్లి ఈశ్వరమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా పసుపు రాసి వేపమండ కట్టిన ఘటం ఉంది. ఎల్లుండి అమ్మోరు పండగలో ఆ ఘటం గోపాలు నెత్తి మీద ఊరేగవలసింది. ఇల్లు మైలపడింది కాబట్టి ఇప్పుడు దాన్ని ముట్టుకునే దిక్కు లేదు. పారెయ్యడానికీ చేతులు రాలేదు.

"కలిపేసి వొచ్చినావా?" అంది ఈశ్వరమ్మ.

"వొచ్చినానమ్మా. సముద్రం పోటు మీదుంది. ఒక్క అలకే తీసుకుపోయింది."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. ఈ వారం ఏడుపంతా అయిపోయినట్టుంది.

"సూరీ, నీతో ఒక మాట సెప్పాల. గుండెలో అట్టుకుని కూసున్నాను. ఇంక నా వొల్ల కాదు."

"సెప్పమ్మా."

"అమ్మోరు కరేమ్‌లో పిల్లడు సేప ముట్టనేదు. గుడ్డు ముట్టనేదు. పెళ్ళాన్ని ఒగ్గేసి చాప మీద పడుకున్నాడు. ఘటం ఎత్తే మనిసి ఎలాగుండాలో అలాగున్నాడు. నువ్వేటి సేసినావు? ఆ లోటోకి సారా పోసినావు."

పండగకు ముందు పట్టే ఉపవాస దీక్షను ఆ దీవిలో మనవాళ్ళు కరేమ్ అంటారు. కారును లోటో, పెట్రోలును లెసాన్సు, కొట్టును బుతిక్ అంటారు. సూరయ్యకు విసుగు వచ్చింది. తల్లి దుఃఖం తెలుసు కాబట్టి గొంతు తగ్గించుకున్నాడు.

"లోటో తాగితే తమ్ముడు తాగినట్టేటమ్మా?"

"నోట్లో పొయ్యకపోతే మాత్తరం? ఆ పొగ ఎవుడు పీల్చినాడు? ఆ తడి ఎవుడి గుడ్డలకి అంటింది? సారా కంపుతో ఇంట్లోకి వొచ్చి దీపం ఎలిగించీవోడు. నాను అమ్మోరి మొకం సూడనేకపోయీదాన్ని."

"దొర పని అది. నేనేటి సెయ్యగలను?"

"నువ్వు సెయ్యవని నాకు ఎరికే. అందుకే నానే సేసినాను."

సూరయ్య తుడుచుకుంటున్న తువ్వాలు చేతిలోనే ఆగింది.

"ఏటి సేసినావు?"

ఈశ్వరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. దాచుకోవలసిన విషయం చెబుతున్నట్టు కాదు, దేవుడికి ముడుపు చెల్లించిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది. పందెం ముందు రోజు సందెవేళ అన్నదమ్ములిద్దరూ రామభజనకు వెళ్ళారు. కోడలు కామిని పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో ఆమె ఒక్కతే. కారు షెడ్డులో సిద్ధంగా ఉంది. తెల్లారి ఎద్దుబండికి కట్టి కొండ కిందికి లాక్కుపోవాలి. స్పిరిటు వృథా కాకూడదని పందెం గీత దగ్గరే ఇంజను రాజెయ్యాలని ఏర్పాటు.

"టాంకు అడుగున సిన్న కుళాయి ఉంది గదా. గోపాలు తిప్పడం ఒకపాలి సూసినాను. తిప్పీసి ఒగ్గేసినాను. సారా అంతా నేల మీదికి పోయింది. ఆ కంపుకి కడుపు తిప్పిందిరా. చీనావోడి బుతిక్‌లో లెసాన్సు టిన్నులు తెచ్చుంచినాను, అవి పోసినాను. సుబ్బరమైన లెసాన్సు. అందరి లోటోలూ తాగేదే. నేలకి పసుపునీళ్ళు సల్లినాను. టాంకు మూతకి పసుపు రాసి, అమ్మా, నా బిడ్డ సుద్దంగా ఎల్తన్నాడు, సుద్దంగా తీసుకురా అని దణ్ణం ఎట్టినాను."

టాంకు మూత మీద ఆ పసుపు మరకను సూరయ్య ముందే చూశాడు. తమ్ముడే బండికి బొట్టు పెట్టుకున్నాడని అనుకున్నాడు. నల్లటి పొగ గుర్తుకొచ్చింది. స్పిరిటుకి పొగ ఉండదు, అందులో కాస్త పెట్రోలు కలిపితే మాత్రం అంత నల్లటి పొగ ఎలా వస్తుందా అని వారం రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. గొట్టంలో మిగిలిన స్పిరిటుతో ఇంజను రాజుకుంది. అది అయిపోయాక తల్లి పోసిన పెట్రోలు అందింది. కొండ మొదట్లోనే అందింది. గోపాలు కాలు తియ్యలేదు, వాడి తత్వమే అంత.

దొర మోసం చెయ్యలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు. వారం రోజులుగా ఎవరి మెడ పిసకాలని అతని చేతులు తహతహలాడాయో, ఆ మెడ చుట్టూ నల్లపూసలు తీసేసిన మచ్చ ఉంది, ముడతలు ఉన్నాయి. సూరయ్యకు తల్లి మీద కోపం రాలేదు. భయం వేసింది.

"అంత సేసినా అమ్మోరు ఒప్పుకోనేదు," అంది ఈశ్వరమ్మ ఘటం వైపు చూస్తూ. "అప్పటికే మైల పడిపోనాది గావాల. నాను ఆలిస్యం సేసినాను. ఒక్కరోజు ముందు పోసుంటే నా బిడ్డ బతికుండును. అవునా? సెప్పరా. రోజూ ఇదే అడుక్కుంటన్నాను. నాను ముందే పోసుండాల్సింది. అవునా కాదా?"

నిజం చెప్పడానికి సూరయ్యకు ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో తల్లి ఆ మూలనుంచి మళ్ళీ లేవదు. అతనికి అది స్పష్టంగా కనిపించింది.

"కాదమ్మా," అన్నాడు. "నువ్వు పోసినదానికీ దానికీ సమ్మందం నేదు. అది మంచిదే. తప్పు నాది."

"నీదా?"

"నా బిగింపు సరిగా నేదు. రాడ్డు బోల్టు ఒకటి లూజు ఒగ్గేసినాను. సూసుకోనేదు. అది ఇరిగింది. తమ్ముడు పోయినాడు."

ఈశ్వరమ్మ చెయ్యి లేచి అతని చెంప మీద పడింది. బలం లేని దెబ్బ. రెండోసారి లేచింది కానీ దారిలోనే వాలిపోయింది. ఆమె గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. సూరయ్యకు దెబ్బ నొప్పి తెలియలేదు. తల్లి తన మాట నమ్మిందన్న సంగతి మాత్రం గుండెల్లో దిగబడింది.

*

వాన మొదలైంది. సూరయ్య షెడ్డులోకి వెళ్ళి తలుపు లోపల గడియ వేసుకున్నాడు.

రేపు ఇంజనీరు వస్తాడు. పిచ్చివాడు కాదు, చదివిన పని చేతికీ వచ్చినవాడని మిల్లులో చెప్పుకుంటారు. ఇంజను చూడగానే ఇది స్పిరిటు ఇంజనని పోల్చుకుంటాడు. గిన్నెలో పెట్రోలు ఉందని పోల్చుకుంటాడు. అయితే పెట్రోలు ఎవరు పోశారు అని అడుగుతాడు. ఊళ్ళో అడిగితే చీనావాడు చెబుతాడు, ముసలామె టిన్నులు మోసుకుపోయిందని. ఆ ప్రశ్నే పుట్టకూడదు. పుట్టకుండా ఉండాలంటే దారి ఒక్కటే. ఇంజను పెట్రోలు ఇంజను అయిపోవాలి.

మొన్న ఏ మాట అన్నందుకు నరసయ్యను గెంటాడో ఆ మాటే ఇప్పుడు అతని చేతుల్లోకి వచ్చింది. దొర గెలిచాడు. దొరకు ఎందుకు గెలిచాడో ఎప్పటికీ తెలియదు. సూరయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా చేతులు ఆగలేదు.

గోడకు, పొగచూరిన రేకు మీద, మేకుకు వేలాడుతోంది ఆ పలక. పాత చక్కెర పెనం రాగితో కోసినది. చిటికెన వేలంత మందం. సిలిండర్లకు గుండ్రటి కంతలు, బోల్టులకు చిన్న కంతలు, అన్నీ సరిగ్గా ఆ ఇంజను అచ్చుకే. దిమ్మ అడుగు గీసినరోజే సూరయ్య దాన్ని కోసి పెట్టుకున్నాడు. స్పిరిటు రావడం ఆగిపోతే, దిమ్మకీ కింది పెట్టెకీ మధ్య దాన్ని దూర్చి బిగిస్తే చాలు. దిమ్మ పైకి లేస్తుంది, పిస్టను మీద జాగా పెరుగుతుంది, నొక్కుడు తగ్గుతుంది. వేగం కొంత పోతుంది. పెట్రోలు పోసినా మోత ఉండదు.

పందేనికి ముందు సూరయ్య ఒకసారి అడిగాడు కూడా. "ఒరే, మొదటి పందేనికి ఇది బిగించే ఎల్లరాదేటి? ఏ నూనె పోసినా తట్టుకుంటాది."

గోపాలు పగలబడి నవ్వాడు. "అది పిరికి పలక అన్నా. నీలాగే. గోడకే ఉండనీ."

ఆ తరవాత దాని పేరే అది అయిపోయింది. షెడ్డుకి వచ్చిన వాళ్ళందరికీ గోపాలు దాన్ని చూపించి నవ్వించేవాడు. పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చి చూపించాడు.

సూరయ్య పలకను మేకు మీదనుంచి తీశాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇది ఆ రోజు దిమ్మ కింద ఉండి ఉంటే తమ్ముడు ఇవాళ తిట్లు తింటూ ఇక్కడే తిరుగుతూ ఉండేవాడు. తల్లి పోసిన పెట్రోలుతోనే కొండ ఎక్కేవాడు. బహుశా ఆఖరున చేరేవాడు. చేరేవాడు కదా. ఆ ఆలోచనకు సూరయ్య ఇన్నాళ్ళకు మొదటిసారి నోరు తెరిచి ఏడ్చాడు. రేకుల మీద వాన మోతలో అది బయటికి వినిపించలేదు.

ఏడుపు ఆగాక పని మొదలుపెట్టాడు. గొట్టాలు విప్పాడు. నట్లు విప్పాడు. దూలానికి కట్టిన చెయిన్ కప్పీతో దిమ్మను పైకి లేపాడు. పిస్టన్లు బయటపడ్డాయి. మూడో దాని నెత్తి కరిగి కంత పడింది, పేలిన బంతిలా ఉంది. దాని వైపు చూడకుండా పక్కవాటిని గుడ్డతో తుడవబోయాడు. మొదటి పిస్టను మీద తడి తగిలింది. నల్లటి ఇంజను నూనె కాదు, పల్చగా తేటగా ఉంది. వాసన చూశాడు. కొబ్బరినూనె.

షెడ్డులో కొబ్బరినూనె ఎక్కడిది? తమ్ముడు పోయినప్పటినుంచీ కామిని ఇంట్లో దీపం ఆరనివ్వడం లేదు. ఆ ప్రమిద పట్టుకుని ఇక్కడికి వచ్చి ఒలకబోసి ఉంటుంది అనుకున్నాడు. ఒలికిన నూనె మూసి ఉన్న సిలిండరులోకి ఎలా దిగుతుందని ఆ క్షణంలో అతనికి తట్టలేదు. మామూలు రోజున అయితే తట్టేది. తుడిచేశాడు.

పలకకు రెండు వైపులా నూనె కాగితం అంటించి, కింది పెట్టె మీద పరిచాడు. దిమ్మను నెమ్మదిగా దించాడు. వేలితో కంతలు సరిచూసి బోల్టులు బిగించాడు. దిమ్మ పైకి లేచినంత మేర వాల్వుల కింది ట్యాపెట్లను కూడా పైకి సర్దాడు. పక్కనుంచి చూస్తే కొత్త రాగి అంచు ఎర్రగా మెరుస్తోంది. పొయ్యి మసి తెచ్చి, గ్రీజులో కలిపి, ఆ అంచు మొత్తం పూశాడు. మెరుపు చచ్చింది. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నట్టు కనిపించింది.

ఆఖరున టాంకు మూత మీద పసుపు మరక. గుడ్డ పెట్రోలులో ముంచి రుద్దాడు. తల్లి వేళ్ళ గుర్తులు ఒక్కొక్కటే పోయాయి. ఇక ఈ ఇంజను నోరు తెరిచి చెప్పేది ఒక్కటే, కట్టినవాడు పని చేతకానివాడని. రేపటినుంచి మిల్లులో ఉద్యోగం ఉండదు. జైలు కూడా పడొచ్చు. ఊరు ఊరంతా తమ్ముణ్ణి చంపుకున్నవాడు అంటుంది. అననీ. ఆమెను ఎవరూ అనరు కదా. సూరయ్యకు వారం రోజుల్లో మొదటిసారి ఊపిరి కాస్త తేలికగా వచ్చింది.

*

తలుపు తట్టిన చప్పుడైంది. గడియ తీశాడు. కామిని, తలమీద కొంగు కప్పుకుని, చేతిలో టీ గ్లాసుతో. వాన వెలిసింది, ఇంకా పొద్దు ఉంది.

"బావగారూ, పొద్దుటినుంచీ ఏటీ తిననేదు. ఇది తాగండి."

గ్లాసు అందుకున్నాడు. ఆమె వెళ్ళిపోలేదు. ఆమె కళ్ళు షెడ్డంతా ఒకసారి తిరిగి గోడ దగ్గర ఆగాయి. పొగచూరిన రేకు మీద పలక ఆకారంలో తెల్లటి మచ్చ ఉంది. పైన ఉత్త మేకు ఉంది.

"ఆయన పిరికి పలక ఏదీ?"

సూరయ్య టీ గుక్క మింగి, "తీసి పక్కన పెట్టినాను," అన్నాడు.

కామిని ఇంజను దగ్గరికి నడిచింది. దిమ్మ కిందికి వంగి చూసింది. వేలితో ఆ అంచు తాకింది. వేలికి మసి అంటింది, మసి పోయినచోట ఎర్రటి గీత బయటపడింది. ఆమె లేచి నిలబడింది.

"ఎందుకు బిగించినారు? పొద్దున్న లేదు గదా."

"పొద్దున్నా?"

"అదే సెబ్దామనుకున్నాను. మీరు రాగానే అత్త దగ్గర కూసున్నారు. తరవాత తలుపు ఏసుకున్నారు. మీరు సముద్రానికి ఎల్లిన కాసేపటికే ఇంగ్లీసు దొర వొచ్చినాడు. ఆ ఇంజనీరు. పోలీసుని ఎంటబెట్టుకుని."

సూరయ్య టీ సగంలో ఆపి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "రేపు గదా రావాల్సింది!"

"రేపయితే ఎవరైనా ముట్టుకుంటారని ఇయాలే వొచ్చినాడంట. అత్తకి జొరం, పడుకుంది. నేనే తలుపు తీసినాను. మంచిదే గదా అనుకున్నాను బావగారూ. నిజం బయటికి రావాలని మీరే అన్నారు గదా."

"ఏటి సేసినాడు?"

"గీతలున్న గాజు గొట్టం ఒకటి తెచ్చినాడు. పల్చటి నూనె ఏదైనా ఉందా అన్నాడు. మీ తమ్ముడి దీపానికి తెచ్చిన కొబ్బరినూనె ఉంటే ఇచ్చినాను. పైన ప్లగ్గు తీసి, బాగున్న సిలిండరులో ఆ కంతలోంచి పోసినాడు. ఎంత పట్టిందో సూసినాడు. శానా కొంచెమే పట్టింది. తల ఊపి పోలీసుతో ఏదో అన్నాడు. ఏటన్నాడు అని పోలీసుని అడిగితే, ఇది లెసాన్సు బండి కాదు అన్నాడంట."

కొబ్బరినూనె. సూరయ్య తుడిచిన గుడ్డ బల్ల మీదే ఉంది. అతను దాని వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. అంతా కొలిచి వెళ్ళిపోయాక అతను మధ్యాహ్నమంతా చెమటోడ్చి తన మెడకు తనే ఉరి పేనుకున్నాడు. రేపు ఇంజనీరు మళ్ళీ నూనె పోస్తే, పలకతో పెరిగిన జాగాకు ఎక్కువ పడుతుంది. ఎవరు విప్పారు, ఎందుకు విప్పారు అంటాడు. పలక తీసేద్దామా అంటే, ఇంజను మళ్ళీ నిజం చెబుతుంది.

"ఇంకేటి సూసినాడు?"

"కింద గిన్నె విప్పి వాసన సూసినాడు. మళ్ళీ సూసినాడు. అప్పుడు మొకం మారిపోయింది. టాంకు మూత మీద పసుపు సూపించి, ఇది ఎవరు రాసినారు అన్నాడు. మా అత్త అని సెప్పినాను. బండికి పూజ సేస్తే ఎవరైనా రాస్తారు గదా. తప్పేటుంది?" ఆమె గొంతులో అనుమానం మొదలైంది. "సెప్పకూడదా? రేపు వొచ్చి అత్తతో మాట్లాడతానన్నాడు."

ఏమీ తెలియని పిల్ల ఏమీ తెలియని ముసలామె వైపు చెయ్యి చూపించింది. ఇద్దరిలో ఎవరినీ తిట్టడానికి లేదు.

అప్పుడు షెడ్డు గుమ్మంలో ఈశ్వరమ్మ కనిపించింది. జ్వరంతో మొహం ఎర్రబారి ఉంది. చేతిలో ఉతికిన చీర మడత ఉంది.

"రేపు ఆ ఇంగ్లీసు దొర వొస్తాడన్నావు గదా, ఇది కట్టుకుంటానే కామినీ. మురిగ్గా కనబడితే మన మాట నమ్మరు," అని సూరయ్య వైపు తిరిగింది. ఇందాకటి కోపం ఆమె కళ్ళలో లేదు. "నిన్ను కొట్టినాను. కడుపు కాలి కొట్టినాను. నువ్వు తప్పు సేసినా నా బిడ్డవే. ఉన్నది నువ్వొక్కడివి, నిన్ను కూడా ఒగ్గుకోను."

"అమ్మా, నువ్వు లోపలికి ఎల్లు. జొరంలో ఉన్నావు."

"నన్ను సెప్పనీ. సారా పోసినందుకు పోలీసులు నిన్ను అట్టుకుపోతారని ఊరంతా అనుకుంటన్నారంట. అట్టుకుపోనివ్వను. రేపు ఆ దొరతో నానే సెప్తాను."

"అమ్మా, ఊరుకో!" సూరయ్య ముందుకు ఉరికి ఆమె భుజం పట్టుకున్నాడు. అతను అలా అరవడం ఆమె ఎన్నడూ వినలేదు. భయపడుతున్నాడనుకుంది. కొడుకు బుగ్గ మీద, తను కొట్టినచోటే, చెయ్యి వేసింది.

"ఎందుకురా అంత బయం? అమ్మోరి మీద ఒట్టేసి సెప్తాను. టాంకులో చుక్క సారా నేదు బాబూ, అంతా నా సేత్తోనే పారబోసి, నా సేత్తోనే లెసాన్సు పోసినాను అని సెప్తాను. అప్పుడు నీ మీద ఏ కేసూ ఉండదు."

సూరయ్య తలతిప్పి చూడకూడదనుకున్నాడు. చూశాడు.

కామిని ఇంజను పక్కనే నిలబడి ఉంది. ఆ ఇంజనుకి లెసాన్సు తగిలితే ఏమవుతుందో పందేనికి ముందు గోపాలు ఆమెకు ఈ షెడ్డులోనే, ఆ పలక చూపిస్తూ, నవ్వుతూ చెప్పాడు. ఆమె మసి అంటిన వేలు చూసుకుంది. గోడమీద ఉత్త మేకు చూసింది. తరవాత, చీర మడత గుండెకు హత్తుకుని నిలబడ్డ అత్తగారి వైపు నెమ్మదిగా తిరిగింది.

"అత్తా," అంది, "లెసాన్సు ఎవరు పోసినారు?"